పదానికి శిక్ష వేసే ముందు



కత్తితో నేరం జరిగితే న్యాయస్థానం కత్తిని చూస్తుంది, సాక్షిని అడుగుతుంది, గాయాన్ని కొలుస్తుంది. మాటతో నేరం జరిగిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూడవలసినది ఒక్కటే, ఆ మాట. వ్రాసినవాడు వ్రాశానని ఒప్పుకుంటూనే ఉన్నాడు. వ్రాసినది అంతర్జాలంలో అందరి కళ్ళముందూ ఉంది. తగవంతా దాని అర్థం గురించే. అటువంటి కేసులో న్యాయమూర్తి చేయగల విచారణ ప్రధానంగా చదవడమే. మనలాగే ఆయన కూడా ఒక పాఠకుడవుతాడు. కాకపోతే ఆయన పఠనం తప్పితే ఒక మనిషి చెరసాలకు పోతాడు.

నేను న్యాయశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. భాషాప్రవీణ చదివి, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి, విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పద్యానికి ప్రతిపదార్థం వ్రాసి తాత్పర్యం వదిలేసిన పిల్లవాడికి సగం మార్కులే వేసేవాణ్ణి. ఈమధ్య కొన్ని తీర్పులూ ఉత్తర్వులూ చూస్తూ ఉంటే మన న్యాయస్థానాల ముందున్న సమస్య కూడా ఇటువంటిదేనని తోచింది. భావప్రకటన హక్కుకు హద్దులు ఎక్కడ ఉండాలన్న చర్చ పెద్దలు చాలా చేశారు. నేను చెప్పదలచుకున్నది అంతకన్న చిన్న విషయం. ఆ హక్కు నిలిచేదీ పోయేదీ చదివే పద్ధతిలోనే.

ఒక ఉదాహరణ చూడండి. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఉర్దూ కవి, రాజ్యసభ సభ్యుడు. గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఒక సామూహిక వివాహ వేడుకకు వెళ్ళి, ఆ దృశ్యాలకు నేపథ్యంగా ఒక కవిత వినిపించే చిన్న వీడియోను ఎక్స్‌లో పెట్టాడు. 2025 జనవరి 3న జామ్‌నగర్ పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేశారు. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టాడనీ, మతభావాలను గాయపరచాడనీ ఆరోపణ. దర్యాప్తు తొలిదశలోనే ఉన్నదంటూ గుజరాత్ ఉన్నత న్యాయస్థానం జనవరి 17న కేసు కొట్టివేయడానికి నిరాకరించింది. సర్వోన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తులు అభయ్ ఓకా, ఉజ్జల్ భుయాన్ మార్చి 28న ఆ ఎఫ్.ఐ.ఆర్.ను కొట్టివేశారు. వారు చేసిన పని చాలా సులువైనది. కవితను మొదటినుండి చివరిదాకా చదివారు. చదివితే తేలినదేమిటంటే, అన్యాయాన్ని ప్రేమతో ఎదుర్కొందామని ఆ కవిత చెబుతోంది. రక్తం అన్న మాట కనబడగానే హింస అనుకున్నవారు తర్వాతి పాదాల దాకా వెళ్ళలేదన్నమాట!

మన అలంకారశాస్త్రం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు వృత్తులు చెప్పారు. లక్షణకు పాతకాలపు ఉదాహరణ ‘గంగలో గొల్లపల్లె’. నదిలో పల్లె ఉండదు గనుక గంగ అంటే గంగాతీరమని గ్రహించాలి. వాచ్యార్థమే పట్టుకునే వ్యక్తిని అక్కడికి పంపితే నీటిలో పల్లెను వెదుకుతాడు. ఇక నిందాస్తుతి సంగతి చెప్పనక్కరలేదు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం చెప్పాడు. పైకి అంతా దెప్పిపొడుపే, లోపల అంతా భక్తే. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను చేతబట్టుకొని పై అర్థం మాత్రమే చదివే పోలీసు అధికారికి అందులో ఎన్ని కేసులు దొరుకుతాయో ఊహించండి.

మీమాంసకులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఒక గ్రంథ తాత్పర్యం తేల్చడానికి ఉపక్రమోపసంహారాలు చూడమన్నారు. ఎట్లా మొదలైంది, ఎట్లా ముగిసింది, దేనిని పదే పదే చెప్పింది, ఏ ఫలాన్ని కోరింది అన్నవి చూడకుండా నడుమ ఒక వాక్యాన్ని లాగి అర్థం చెప్పడం వారికి శాస్త్రద్రోహం. ఈనాడు అంతర్జాలంలో నడిచే ఫిర్యాదులలో ఎన్నో సరిగ్గా ఆ ద్రోహం మీదనే బ్రతుకుతున్నాయి. నాలుగు పేరాల వ్రాతలోనుండి ఒక పంక్తిని కత్తిరించి తెరపట్టు తీస్తారు. ఆ ముక్క ఊరంతా తిరుగుతుంది. పోలీసు ఠాణాకు చేరేదీ ఆ ముక్కే.

చదివేవాడి పొరపాటు ఒక ఎత్తు. చట్టంలోని మాటే జారుడుగా ఉంటే అది మరొక ఎత్తు. సమాచార సాంకేతిక చట్టంలో 66ఎ అనే సెక్షను 2009 అక్టోబరులో అమలులోకి వచ్చింది. చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశాలకు కూడా అది మూడేళ్ళ దాకా జైలు పెట్టింది. చిరాకు ఎవరికి, ఎంత అన్నది చెప్పలేదు. 2012లో బాల్ ఠాక్రే మరణానంతరం ముంబయి మూసివేతను ప్రశ్నించిన ఒక యువతినీ, ఆ వ్యాఖ్యను ఇష్టపడిన ఆమె స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేసినప్పుడు ఆ జారుడుతనం దేశానికంతకూ తెలిసింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో న్యాయమూర్తులు జాస్తి చలమేశ్వర్, రోహింటన్ నారిమన్ ఆ సెక్షనును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేశారు. చర్చించడం వేరు, ఒక పక్షాన్ని సమర్థించడం వేరు, నేరానికి ఉసిగొలపడం వేరు, మూడవదాని దగ్గరనే చట్టం అడ్డుపడవచ్చునన్నారు. చలమేశ్వర్ గారు కృష్ణాజిల్లావారు. మన గడ్డమీద పుట్టినవారి పేరు ఆ తీర్పుమీద ఉండడం నాకు గర్వకారణం. అయినా కొట్టివేసిన ఆ సెక్షను కిందనే పోలీసులు కేసులు పెడుతూ వచ్చారు. ఎవరినీ దాని కింద విచారించరాదని 2022 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం మళ్ళీ చెప్పవలసివచ్చింది. చదవని తీర్పు లేని తీర్పుతో సమానం.

సరే, ఎవరి కళ్ళతో చదవాలి? ప్రతి మాటకూ నొచ్చుకునేవాడి కళ్ళతోనా? దీనికి 1946లోనే నాగపూరు ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి వివియన్ బోస్ సమాధానం చెప్పారు. దృఢచిత్తుడూ, ధైర్యవంతుడూ, వివేకవంతుడూ అయిన మనిషి మీద ఆ మాట ఏ ప్రభావం చూపుతుందన్నదే కొలత, ప్రతి దానిలోనూ అపాయం వాసన చూసే బలహీనుడు కొలత కారాదు అన్నది ఆ తీర్పు సారం. 1988లో భీష్మ సాహ్నీ నవల ఆధారంగా తీసిన ‘తమస్’ ప్రసారం వివాదంలో సర్వోన్నత న్యాయస్థానం ఆ కొలతనే పట్టుకున్నది. జామ్‌నగర్ కేసులోనూ అదే. అంటే న్యాయస్థానం చేతిలో మంచి తూనికరాయి దాదాపు ఎనభైయేళ్ళుగా ఉన్నది. దానిని ప్రతిసారీ బయటకు తీయకపోవడమే చిక్కు.

ఇందుకు నిదర్శనం జామ్‌నగర్ తీర్పు వచ్చిన రెండు నెలలలోపే దొరికింది. అశోకా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలీఖాన్ మహ్మూదాబాద్ ఆపరేషన్ సిందూర్ సందర్భంలో ఫేస్‌బుక్‌లో వ్రాసిన వ్రాతలకు హర్యానా పోలీసులు 2025 మే 18న అరెస్టు చేశారు. మే 21న సర్వోన్నత న్యాయస్థానం ఆయనకు మధ్యంతర బెయిలు ఇచ్చింది. అంతవరకూ మంచిదే. కాని ఆ వ్రాతలోని పదజాలపు చిక్కును విప్పడానికి ముగ్గురు ఐ.పి.ఎస్. అధికారులతో ప్రత్యేక బృందాన్ని వేయమన్నది. పాస్‌పోర్టు అప్పగించమన్నది. కేసుకు సంబంధించిన విషయం మీద ఏమీ వ్రాయవద్దన్నది. జూలై 16న అదే న్యాయస్థానం ఆ బృందాన్ని మందలిస్తూ, మీకు కావలసింది ఆయన కాదు, నిఘంటువు అన్న అర్థం వచ్చేటట్లు వ్యాఖ్యానించింది. వ్యాఖ్య బాగున్నది. అయితే ఒక సందేహం. నిఘంటువుతో తేలే పనికి ముగ్గురు పోలీసు అధికారులు ఎందుకు? సంక్షిప్తమైన ఆ వ్రాతలు న్యాయమూర్తుల బల్లమీదనే ఉన్నాయి కదా! చదివి, ఉసిగొలుపు ఉన్నదనో లేదనో వారే చెప్పగలరు. చదువవలసినవారు చదువును మరొకరికి అప్పగించి, ఈలోగా వ్రాసేవాడి కలానికి తాళం వేస్తే, తీర్పుకన్న శిక్ష ముందు వచ్చినట్లే.

మన తెలుగునాట ఈ శిక్ష ఏ రూపంలో వస్తుందో అందరికీ తెలుసు. తెల్లవారుజామున తలుపు తట్టడం, వేరే జిల్లా ఠాణాకు తరలించడం, ఒక పోస్టుకు పది ఊళ్ళలో పది కేసులు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికలకు ముందు ఒక పక్షంవారు, తరువాత మరొక పక్షంవారు ఇవే బాధలు చెప్పుకున్నారు. ఫిర్యాదిదారులూ నిందితులూ కుర్చీలు మార్చుకున్నారు, అంతే. ఈ పరిస్థితిలో న్యాయస్థానాలు చేసిన రెండు పనులను మెచ్చుకోవాలి. 2025 జూలైలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం మేజిస్ట్రేట్లకు పరిపత్రం పంపి, సామాజిక మాధ్యమాల కేసులలో రిమాండుకు ముందు 2014 నాటి అర్ణేశ్ కుమార్ తీర్పునూ, ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పునూ పాటించి తీరాలన్నది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం ప్రభుత్వాన్ని విమర్శించిన పోస్టులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, ప్రాథమిక విచారణ లేకుండా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ రెండింటి సారమూ ఒకటే. ముందు చదవండి, తరువాత పట్టుకోండి.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. మాట నిజంగా ప్రాణాలు తీయదా? తీస్తుంది. ఒక పుకారు సందేశంతో మూకలు మనుషులను కొట్టి చంపిన సంఘటనలు 2018లో మన దేశంలో వరుసగా జరిగాయి. విద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు లేకపోయినా కేసులు పెట్టాలని సర్వోన్నత న్యాయస్థానం 2022 అక్టోబరులో మూడు రాష్ట్రాల పోలీసులకూ, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ ఆదేశానికీ జామ్‌నగర్ తీర్పుకూ వైరుధ్యం ఉన్నదని కొందరంటారు. నాకట్లా అనిపించదు. ఫలానావారిని తరిమికొట్టండి అని జనాన్ని పురికొల్పే వాక్యమూ, అన్యాయాన్ని ప్రేమతో గెలుద్దామనే వాక్యమూ వేరని తెలుసుకోవడానికి చదవడం తప్ప మార్గం లేదు. సరిగ్గా చదివేవాడికి రెండు తీర్పులూ కావాలి. చదవనివాడి చేతిలో రెండూ ప్రమాదమే.

అన్నిటికన్న కష్టమైన పఠనం ఒకటి మిగిలింది. మాట న్యాయస్థానం గురించే అయినప్పుడు? 2020లో రెండు ట్వీట్లకు న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌ను ధిక్కార నేరం కింద దోషిగా తేల్చి, ఆగస్టు 31న ఒక రూపాయి జరిమానా వేశారు. అదే సంవత్సరం న్యాయమూర్తులపై సామాజిక మాధ్యమాలలో వచ్చిన దూషణల విషయంలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం పలువురికి నోటీసులిచ్చి, అక్టోబరులో దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. రెండవదానిలో బూతులూ బెదిరింపులూ ఉన్నాయన్నది ఫిర్యాదు. బెదిరింపును ఎవరూ సమర్థించరు. కాని తన మీద వ్రాసిన పద్యానికి తానే మార్కులు వేయవలసివచ్చిన పరీక్షాధికారి ఎంత ఉత్తముడైనా, కాగితాన్ని పక్క గది మాస్టారికి ఇస్తేనే మర్యాద. బెదిరింపును మామూలు నేరంగా మామూలు కోర్టు చూడగలదు. కఠినమైన విమర్శను మాత్రం న్యాయస్థానం తన తీర్పుల బలంతోనే మోయాలి. గౌరవం ఉత్తర్వుతో వచ్చేది కాదని బడిపంతుళ్ళకు బాగా తెలుసు.

నా కోరికలు పెద్దవి కావు. మాట మీద పెట్టే ప్రతి ఎఫ్.ఐ.ఆర్.లోనూ ఆ వ్రాత పూర్తి పాఠం, అది వ్రాసిన భాషలోనే ఉండాలి. రిమాండు విధించే మేజిస్ట్రేటు ఏ వాక్యం, ఏ అర్థంలో, ఎవరిని ఏ నేరానికి ఉసిగొల్పిందో తన ఉత్తర్వులో రెండు పంక్తులైనా వ్రాయాలి. వ్రాయలేకపోతే విడిచిపెట్టాలి. ఇక బెయిలు షరతు మనిషి పారిపోకుండా ఆపాలి గాని ఆలోచించకుండా ఆపరాదు.

మిత్రులారా, దేశం రెండుగా చీలి ఉన్నది. అవతలివాడి మాటను అక్షరార్థంలో చదివి, మనవాడి మాటకు మాత్రం వ్యంగ్యం, సందర్భం, కవిహృదయం అన్నీ వెదకడం రెండు పక్షాలకూ అలవాటైపోయింది. న్యాయమూర్తి కూడా ఈ సమాజంలోనే పెరిగినవాడు. మనం ఎట్లా చదువుతామో ఆయనా అట్లాగే చదవడం నేర్చుకుంటాడు. మనకు కంటగింపైన పోస్టును ఈసారి చూసినప్పుడు మొదటినుండి చివరిదాకా చదివి, వ్రాసినవాడి తాత్పర్యాన్ని అతడు ఒప్పుకునే రీతిలో ఒక్క వాక్యంలో చెప్పగలమేమో చూసుకొందాం. అట్లా చెప్పగలిగిన తరువాతనే ఖండించవచ్చు, గట్టిగానే ఖండించవచ్చు. చెప్పలేకపోతే ఫిర్యాదు కాగితం పక్కన పెట్టడమే ధర్మం.