గొలుసు కాదు, పాతికేళ్ల నిరీక్షణ

ఒక్క వలసదారు వెంట లెక్కలేనంతమంది దూరపు బంధువులు అమెరికాలో అడుగుపెడుతున్నారని 2018 జనవరిలో కాంగ్రెస్ ఉభయసభల ముందు డొనాల్డ్ ట్రంప్ ఆరోపించారు. ‘గొలుసు వలస’ అన్న మాట ఆ రోజుల్లోనే మన చర్చల్లోకీ పాకింది. చట్టాన్ని ఒకసారి విప్పి చూస్తే ఈ ఆరోపణలోని డొల్లతనం బయటపడుతుంది. అమెరికా పౌరుడు పిలిపించుకోగలిగినది జీవిత భాగస్వామిని, సంతానాన్ని, తల్లిదండ్రులను, తోబుట్టువులను మాత్రమే. బాబాయికి, మేనత్తకు, తాతకు అందులో చోటే లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారికైతే కన్న తల్లిదండ్రులను పిలిపించుకునే హక్కు సైతం లేదు.

ఈ ఏర్పాటు పుట్టుక కూడా గమనించదగ్గదే. 1946 చట్టం భారతీయులకు ఏటా కేటాయించిన వలస అనుమతులు 100. జాతి మూలాల ఆధారంగా సాగిన ఆ కోటాలను రద్దుచేసిన చట్టంపై 1965 అక్టోబరు 3న లిండన్ జాన్సన్ సంతకం చేశారు. అందులో కుటుంబ బంధాలకు పెద్దపీట వేయాలని పట్టుబట్టినవారిలో ఒహాయో ప్రతినిధి మైకేల్ ఫీగన్ ముఖ్యుడు. అప్పటికే స్థిరపడినవారిలో అత్యధికులు ఐరోపా వారు గనుక, వచ్చే బంధువులూ ఐరోపా వారే అవుతారన్నది నాటి అంచనా. చరిత్ర దానిని తలకిందులు చేసింది. బంధువులు ఆసియా నుంచి, లాటిన్ అమెరికా నుంచి రావడం మొదలయ్యాకే కుటుంబ సూత్రం కొందరికి గొలుసుగా కనిపించసాగింది.

ఆ గొలుసు ఎంత నెమ్మదిగా కదులుతుందో చూడండి. గ్రీన్‌కార్డు వచ్చాక పౌరసత్వానికి సాధారణంగా ఐదేళ్లు ఆగాలి. ఆ తరువాతే అన్నకో చెల్లెలికో దరఖాస్తు వేయగలరు. తోబుట్టువుల విభాగానికి ప్రపంచమంతటికీ కలిపి ఏటా 65,000 వీసాలు. ఇది 1990 నాటి చట్టం గీసిన గీత. వారి భార్యాభర్తలు, పిల్లలు కూడా ఈ లెక్కలోనే వస్తారు. ఫలితంగా 2025లో భారతీయుల వంతు 2006 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్ పౌరులకు కూడా 2008 తొలినాళ్లు దాటలేదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ముప్పై అయిదేళ్ల వయసులో పేరు నమోదైన తమ్ముడికి పిలుపు వచ్చేసరికి యాభై అయిదు నిండుతాయి. ఇరవై ఒకటి దాటిన పిల్లల్లో అనేకులు అర్హత కోల్పోతారు. అలాంటివారికి పాత దరఖాస్తు తేదీ వర్తించనక్కరలేదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. అన్న చెంతకు చేర్చే వీసాయే కొడుకును దూరం చేస్తోంది.

వలసకు ప్రతిభే కొలమానం కావాలనే వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే అధికారం ఏ దేశానికైనా ఉంటుంది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లతరబడి వేచివున్న మన సాంకేతిక నిపుణులలో కొందరు కుటుంబ వీసాలకు కోత పెడితే తమ వరుస కదులుతుందని ఆశపడటం కూడా అర్థం చేసుకోదగినదే. కానీ నేడు నిపుణుడిగా స్థిరపడినవాడే రేపు ముసలి తల్లికి దరఖాస్తు వేసే కొడుకు. ట్రంప్ భార్య మెలానియా తల్లిదండ్రులు 2018 ఆగస్టులో పౌరులైంది ఆమె ఆధారంగా పొందిన గ్రీన్‌కార్డుతోనే. తన ఇంటికి హక్కు అయినది పరుల ఇంటికి ముప్పు ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న వాషింగ్టన్‌నే కాదు, ఢిల్లీనీ అడగాలి. పహల్గాం దాడి అనంతరం 2025 ఏప్రిల్‌లో పాకిస్థానీయుల వీసాలు రద్దయినప్పుడు, భారత పాస్‌పోర్టున్న తల్లులు పాక్ పాస్‌పోర్టున్న పిల్లల నుంచి అటారీ వద్ద విడిపోవడం చూశాం. భద్రత కారణంగా తీసుకున్న నిర్ణయమైనా, తల్లీబిడ్డలను వేరుచేయని మార్గం వెతకాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. మన సరిహద్దు వద్ద కుటుంబాన్ని లెక్కచేయని మనం పరాయి గడ్డపై దాని పవిత్రతను గురించి గట్టిగా మాట్లాడలేం.

అమెరికా ముందు నిజాయతీగల దారులు రెండే. భార్యాపిల్లలను లెక్కలోంచి మినహాయించి, దరఖాస్తు నాటి వయసునే పిల్లల వయసుగా పరిగణించి వరుసను కదిలించడం మొదటిది. లేదంటే, ఇప్పటికే రుసుము కట్టి నిలుచున్నవారందరికీ ఇచ్చిన మాట నిలబెట్టుకుని, కొత్త దరఖాస్తులను బాహాటంగా ఆపేయడం రెండోది. తలుపు తెరిచే ఉందని చెబుతూ ఇరవయ్యేళ్లు గడప బయట నిలబెట్టడం మాత్రం విధానం అనిపించుకోదు.