యాప్‌లో హాజరు ఉంది, పైకప్పు ఎవరి లెక్కలో ఉంది?

మెయిన్స్ ఎస్సేలో ‘మారుతున్న పాఠశాల’ అనే టాపిక్ వస్తే మనలో చాలామంది ఒకేలా రాస్తాం. ఒక పేరాలో దీక్ష పోర్టల్, డిజిటల్ బోర్డులు. ఇంకో పేరాలో సీసీ కెమెరాలు, భద్రత. చివర్లో తల్లిదండ్రుల భాగస్వామ్యం గురించి నాలుగు మంచి మాటలు. మూడూ మూడు వేర్వేరు గదుల్లో కూర్చుంటాయి. నా వాదన ఏమిటంటే, వాటిని అలా విడదీసి చూసినంతకాలం పిల్లల ప్రాణాలకు పూచీ ఉండదు.

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ బడి భవనం కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ బడి పేరు శిథిల భవనాల జాబితాలో లేదని అధికారులే చెప్పారు. పైనుంచి పెళ్లలు రాలుతున్నాయని పిల్లలు అంతకుముందే టీచర్లకు చెప్పారని పత్రికల్లో వచ్చింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఇంకోసారి చదవండి. జాబితాకు తెలియని సంగతి పిల్లలకు తెలుసు.

మన దగ్గర డేటా లేక కాదు. యూడైస్ ప్లస్‌లో దేశంలోని దాదాపు 14.7 లక్షల బడుల వివరాలు ఏటా నమోదవుతాయి. గదులు ఎన్ని, మరుగుదొడ్లు ఎన్ని, కరెంటు ఉందా, కంప్యూటర్లు ఉన్నాయా అన్నీ అందులో ఉంటాయి. కానీ ఆ ఫారం నింపేది బడి సిబ్బందే. స్లాబులో నీరు దిగితే లోపలి ఇనుప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. పెళ్లలు రాలడం మొదలయ్యేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది మామూలు పాఠం. పని ఒత్తిడిలో ఉన్న లెక్కల మాస్టారు దీన్ని డ్రాప్‌డౌన్ మెనూలో ‘మంచి స్థితి’ అని ఎంచుకుంటే సర్వర్ కూడా దాన్నే నమ్ముతుంది.

చట్టం మాత్రం మూడింటినీ ఎప్పుడో కలిపింది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటశాల నుంచి ఆకుల కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ విషాదం నేపథ్యంగా సాగిన అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009లో తీర్పు ఇచ్చింది. విద్యాహక్కులోనే సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా ఉందని చెప్పింది. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. బడి పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక రాయడం వాళ్ల పని. (ప్రభుత్వ సాయం అందని ప్రైవేటు బడులకు ఈ కమిటీ నిబంధన లేదు. బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఆ బడుల్లో అత్యవసర ద్వారం ఎటుందో మీకు ఎవరైనా చూపించారా?)

‘కూలి పనికి వెళ్లే తల్లికి కాంక్రీటు గురించి ఏం తెలుస్తుంది’ అనేది మామూలుగా వచ్చే అభ్యంతరం. దీనికి నేపాల్ చూడండి. కాఠ్‌మాండూలోని ఎన్‌సెట్ అనే సంస్థ 1990ల చివరి నుంచే ఊరి తాపీ మేస్త్రీలకు శిక్షణ ఇచ్చి, తల్లిదండ్రులను కలుపుకుని బడి భవనాలను బలపరిచింది. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో వేల తరగతి గదులు కూలినా, అలా బలపరిచినవి చాలావరకు నిలబడ్డాయి. ఆ రోజు శనివారం, నేపాల్‌లో బడులకు సెలవు. 2005 అక్టోబరు 8న పాకిస్థాన్‌లో భూకంపం వచ్చింది కూడా శనివారమే. కానీ అక్కడ బడులు నడుస్తున్నాయి. వేల మంది విద్యార్థులు గదుల్లోనే చనిపోయారు. సెలవు ఏ రోజన్నది అదృష్టం, గోడ బలం కాదు.

తల్లికి ఇంజినీరింగ్ రావాల్సిన అవసరం లేదు. పెళ్ల రాలిందని ఫొటో తీసి పంపే దారి, దానికి ఇన్ని రోజుల్లో ఇంజినీరు వచ్చి చూడాలనే గడువు, ఆయన సంతకంతో తెలుగులో ఒక కాగితం బడి గోడమీద ఉంటే చాలు. టెక్నాలజీకి నేనిచ్చే మొదటి పని ఇదే, ముఖం చూసి హాజరు వేయడం దీని తర్వాతే. ఏపీలో నాడు-నేడు పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు, తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మరమ్మతులు అప్పగించారు. కాబట్టి డబ్బు లెక్క చూసే కమిటీకి పైకప్పు చూసే అధికారం ఇవ్వడం పెద్ద ఎగురు ఏమీ కాదు. మన దగ్గర బడులు తెరిచేది జూన్ రెండో వారంలో, సరిగ్గా వానలు మొదలయ్యే వేళ. అందుకే ఆ తనిఖీ మే నెలలో, గదులు ఖాళీగా ఉన్నప్పుడే జరగాలి. సంతకం లేని గదికి ఆ ఏడాది తాళం వేసే ఉంచాలి.