కణంలో కాపలా, చేలో గడ్డి మందు

ఆదోని యార్డులో పత్తి క్వింటాలు ఎంత పలికిందో మర్నాటికి అందరికీ తెలుస్తుంది. ఆ పత్తిచేలో మందు కొట్టిన మనిషి మెదడులో ఏం జరుగుతుందన్న లెక్క మాత్రం ఎవరూ రాయరు. సైన్సు విద్యార్థులమని చెప్పుకునే మనమైనా ఆ సంగతి అడగాలి కదా! పరీక్షలో నాలుగు మార్కులకు ఆ పాఠం రాసి వచ్చినవాళ్ళమే.

మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులు. పీల్చిన ప్రాణవాయువులో అది వాడుకునేది 20 వంతులు. ఆ వాడకంలో కొంత ఆక్సిజన్ దారితప్పి సూపరాక్సైడ్ అనే దుడుకు పదార్థమవుతుంది. అది కణం పొరనూ, లోపలి జన్యుపదార్థాన్నీ పాడుచేస్తుంది. దాన్ని అణచడానికి కణం తనకు తానే కొన్ని మాంసకృత్తులను తయారుచేసుకుంటుంది. మొదటిది సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దాని పని కనిపెట్టారు. అది సూపరాక్సైడును పట్టి హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుస్తుంది. ఆ పెరాక్సైడును కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ నీరుగా మార్చేస్తాయి. ఒకడు దొంగను పట్టిస్తే ఇంకొకడు ఠాణాకు చేర్చినట్టన్నమాట. రెండోవాడు అందుబాటులో లేడా, పెరాక్సైడు కణంలోని ఇనుముతో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిస్తుంది. అది మొదటి దొంగకంటే పెద్ద గజదొంగ.

మెదడు అడుగున నల్లటి చిన్న భాగం ఒకటుంది. మన కదలికలను అదుపులో పెట్టే డోపమిన్ అక్కడి కణాల్లోనే తయారవుతుంది. ఆ డోపమిన్ ఆక్సీకరణ చెందినా పెరాక్సైడే పుడుతుంది. ఇనుమూ అక్కడ ఎక్కువే. పార్కిన్‌సన్ రోగుల్లో సరిగ్గా ఆ చోటే గ్లూటాథయోన్ తగ్గిపోయి కనిపిస్తుంది. డి.జె.-1 అనే మరో రక్షక మాంసకృత్తి జన్యువు చెడితే చిన్న వయసులోనే ఈ వణుకు రోగం వస్తుందని 2003లో యూరప్ కుటుంబాలలో తేలింది. కావలి బలహీనపడితే ఇల్లు దక్కదు.

కావలి బాగున్నా దొంగలు వేలకొద్దీ వస్తేనో? గడ్డి మందు పారాక్వాట్ చేసేది ఇదే. అది కణంలో ఒక ఎలక్ట్రానును లాక్కుని ఆక్సిజన్‌కు అంటగడుతుంది. సూపరాక్సైడ్ పుడుతుంది. మందు అణువు ఖర్చుకాదు, మళ్ళీ అదే పనికి తయారు. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న యువకులు కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారు. ఆ మత్తుమందులోని ఎం.పి.టి.పి. మెదడులో మారి తయారయ్యే విషానికీ, పారాక్వాట్‌కూ రూపంలో దగ్గరి పోలిక. 2011లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో పారాక్వాట్ గాని రోటెనోన్ గాని వాడిన వ్యవసాయదారుల్లో పార్కిన్‌సన్ రెండున్నర రెట్లు కనిపించింది. ఇంతమాత్రాన కారణం రుజువైనట్టు కాదని తయారీదారుల వాదన. సరే, రుజువు పూర్తయ్యేవరకు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఒట్టిచేతులతో మందు కలపమని మనవాళ్ళకు చెబుదామా? యూరప్‌లో 2007లోనే ఈ మందు ఆగింది.

మన పడమటి మండలాల కూలీ సొంతూరి చేలోనే కాదు, సుగ్గికని గుంటూరు వైపు పోయి మిరప చేలలోనూ మందుల గాలి పీలుస్తాడు. పిల్లలూ వెంట ఉంటారు. ఏళ్ళ తర్వాత చెయ్యి అదిరితే "వయసు మీద పడిందిలే" అని ఊరుకుంటారు. ఎమ్మిగనూరు మగ్గం మీద నాడె విసిరే చేతికి వణుకొస్తే ఆ ఇంటి తిండికే ఎసరు. అయినా కర్నూలు పెద్దాసుపత్రి దాకా పోయేదెందరు?

ఇక టానిక్కుల సంగతి. "యాంటీ ఆక్సిడెంట్" అని అట్ట మీద కనిపిస్తే చాలు, అప్పు చేసైనా కొనేవాళ్ళున్నారు. 800 మంది పార్కిన్‌సన్ రోగుల మీద విటమిన్ ఇ పరీక్షించి, రోగం ముదరడం ఆగలేదని 1993లోనే ప్రకటించారు.  కాబట్టి మనం చెయ్యగలిగింది దొంగలను తగ్గించడమే: చేతికి తొడుగులు, మూతికి మాస్కు, గాలికి ఎదురు కొట్టకపోవడం, వీలైనచోట గుంటకతో కలుపు తీయడం.

గురువులు మన్నించాలి, డిస్మ్యుటేజ్ పాఠం బోర్డు మీద ఆగిపోతే చాలదు. జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం విద్యార్థులు సెలవుల్లో ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలకు పోయి, నలభై దాటిన మందు కొట్టేవాళ్ళనూ, నేతగాళ్ళనూ వేరువేరుగా కలిసి నాలుగు ప్రశ్నలు అడగాలి: ఏ మందు, ఎన్నేళ్ళు? వాసన తెలియడం తగ్గిందా? నడక మందగించిందా? చెయ్యి ఊరకున్నప్పుడు అదురుతుందా? అనుమానమున్నవాళ్ళను కర్నూలు డాక్టర్ల దగ్గరికి వెంటబెట్టుకుని పోవాలి. బస్సు ఛార్జీలు విద్యార్థి సంఘం నిధి నుంచి ఇస్తే సరి. వార్షికోత్సవం షామియానాకు పెట్టే డబ్బులో కొంత తగ్గుతుంది, అంతేగా!