చెప్పు విసరొద్దు, ఆట ఆపుదాం

సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో థర్మల్ ప్లాంటు మాట వచ్చినప్పటి నుంచి ఆమదాలవలస చుట్టుపక్కల మన కుర్రాళ్ళ నోట ఒకటే మాట. ఈసారి ఏ నాయకుడొచ్చినా చెప్పుల దండతోనే స్వాగతం అని. ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న, థర్మల్ వద్దన్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపిన జిల్లా మనది. పైగా ఈ రెండు మండలాలూ ఐదో షెడ్యూల్లో లేవు. 1/70 చట్టం గానీ పెసా గానీ మనకి అడ్డు నిలవవు. వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి విసిగినోడు "ఇంక ఏటి చేద్దాం?" అంటే తప్పు పట్టలేను.

కానీ చెప్పు సంగతి కొంచెం ఆలోచిద్దాం.

నాయకుడి మొహం మీదే నిరసన చెప్పడం మన దేశానికి కొత్త కాదు. 1928లో సైమన్ కమిషన్ వస్తే ఊరూరా నల్లజెండాలు లేచాయి. మద్రాసులో టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకీకి ఎదురెళ్ళి ఛాతీ చూపించారు. ఆ కమిషన్లో భారతీయుడు ఒక్కడు కూడా లేడు, అందుకే వెనక్కి పో అన్నారు. జెండా చూసినవాడికి కారణం కూడా తెలిసింది.

ఇప్పుడు మన పక్కన జరిగింది చూడండి. 2020 ఫిబ్రవరి 27న విశాఖ ఎయిర్‌పోర్టు బయట చంద్రబాబు కాన్వాయ్ మీద గుడ్లు, చెప్పులు పడ్డాయి. ఆయన విజయనగరం వెళ్ళాల్సిన రోజది. గంటల తరబడి ఆగిపోయి, చివరికి పోలీసులు అదుపులోకి తీసుకుని వెనక్కి పంపారు. తర్వాత చర్చంతా ఎవరు విసిరారు, పోలీసులు ఎందుకు ఆపలేదు అనే. ఉత్తరాంధ్రకి ఏం కావాలో ఎవరైనా మాట్లాడారా? నాకైతే గుర్తు లేదు.

2022 జూలై 4 మనకి ఇంకా దగ్గరిది. అల్లూరి 125వ జయంతి అని భీమవరంలో 30 అడుగుల విగ్రహం ఆవిష్కరించడానికి ప్రధాని మోదీ వచ్చారు. గన్నవరం దగ్గర హెలికాప్టర్ లేచే టైములో కాంగ్రెస్ వాళ్ళు నల్ల బెలూన్లు వదిలారు. ఇంక చూడాలి, టీవీలన్నీ భద్రతా లోపం, భద్రతా లోపం! అటవీ చట్టాల మీద, రోడ్డు పనుల వెట్టి మీద 1922లో మన్యం తిరగబడింది. ఆ మన్యం పేరు మీద జరిగిన పండగలో అడవి హక్కు గురించి బెలూన్లు వదిలినవాళ్ళూ అడగలేదు, విగ్రహం పెట్టినవాళ్ళూ చెప్పలేదు.

చెప్పుల దండ గురించి ఇంకో మాట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ చూడండి. మన మనిషి మెడలో చెప్పుల దండ వెయ్యడం నేరమని అందులో విడిగా రాశారు. ఎందుకు రాయాల్సొచ్చింది? మన మీద అది జరుగుతోంది కాబట్టి. దొరలు మన మెడలో వేసిన దండని మనం ఎత్తుకుని ఇదే మా పోరాటం అనడం నాకు మింగుడు పడదు. కేసుల సంగతి సరేసరి. జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఏజెన్సీలో మన టీచర్ ఉద్యోగాలకే దిక్కు లేదు. దాని మీద ఒక ఎఫ్‌ఐఆర్ కూడా పడితే డిగ్రీ చదివిన తమ్ముడు పోలీసు వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతాడు. విసరమని ఎగదోసిన నాయకుడు బెయిలుకి కూడా రాడు.

మరి ఊరుకోవాలా? ఊరుకోకూడదు. షావుకారు ఎదురైతే లేచి నిలబడాలి, తలపాగా తియ్యాలి అన్న రోజుల గురించి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అప్పట్లో లేవకుండా కూర్చున్నవాడే పెద్ద తిరుగుబాటుదారు. చెయ్యి ఎత్తక్కర్లేదు, కూర్చుంటే చాలు, షావుకారుకి ఒళ్ళు మండేది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు గిరిజన సంఘం సభకి వెళ్తున్న కోరన్న, మంగన్నలని లేవిడి దగ్గర చంపింది ఆ మంటే.

ఈనాటి నాయకుడికి మన దగ్గర కావాల్సింది ఏమిటో మీకూ తెలుసు. అరకు వైపైతే థింసా, సీతంపేట వైపైతే సవర ఆట. నెత్తిన తలపాగా, చేతిలో విల్లు, రెండు స్టెప్పులు, ఒక ఫొటో. ఏ పార్టీ వాడొచ్చినా ఇదే వరస. హాస్టల్ పిల్లల్ని కూడా ఎండలో నిలబెడతారు. ఆ ఫొటో ఉంటే చాలు, ఆదివాసీలు ఆనందంగా ఉన్నారని రాష్ట్రమంతా అనుకుంటుంది.

ఆ ఫొటో ఇవ్వొద్దు. నాయకుడొచ్చిన రోజు తుడుం మోగకూడదు, విల్లు ఇవ్వకూడదు, బొట్టు పెట్టకూడదు. మన ఊరికి వచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇద్దాం, అది మన మర్యాద. తర్వాత రోడ్డు పక్కన పల్లెకి పల్లె కూర్చుందాం, లేవకుండా. థర్మల్ వద్దు, మా ఊళ్ళని ఐదో షెడ్యూల్లో చేర్చండి అన్న కాగితం ఒక ముసలమ్మ చేతిలో ఉంటుంది. ఆయన కారు దిగి ఆమె దగ్గరికి నడిచొచ్చి తీసుకోవాలి. దీని మీద ఏ సెక్షన్ పెడతారో పెట్టమనండి.

ఒక చిక్కుంది. ఆ ఆట ఆడే బృందాలకి అది కూలి కూడా. ఒక రోజు ఆట మానితే వాళ్ళ పిల్లలకి ఆ రోజు డబ్బులు రావు, మళ్ళీ పిలుస్తారన్న నమ్మకమూ ఉండదు. డిగ్రీ చేతిలో పెట్టుకుని వాళ్ళని మానెయ్యమనడం మనకి తేలిక. అందుకే ముందు చందా పోగెయ్యాలి. ఎంతమంది కళాకారులు, ఒక్కొక్కరికి రోజుకి ఎంత వస్తుంది అనే లెక్క ఏ ఊరికి ఆ ఊరు ఈ నెలలోనే రాసి సంఘానికి ఇవ్వండి.