విషానికి బూడిద విరుగుడేనా?

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు పెద్దలు. థర్మల్ కేంద్రాల బూడిదతో పరిశ్రమల విషవ్యర్థాలను కట్టడి చేయవచ్చని చదివినప్పుడు మాకు ఆ సామెతే గుర్తుకొచ్చింది. ఈ పద్ధతిని మేము స్వాగతిస్తున్నాము. అయితే కళ్లు మూసుకుని మాత్రం కాదు.

విశాఖ జిల్లాలో మొదలైన సింహాద్రి థర్మల్ కేంద్రం సంగతే చూడండి. 2000 మెగావాట్ల ఆ కేంద్రం పరవాడ దగ్గర ఉంది. మందుల కంపెనీల ఫార్మాసిటీ, ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. బూడిదా, విషమూ ఇరుగుపొరుగున ఉన్నచోట ఈ చర్చ అవసరం.

మన బొగ్గులో సాధారణంగా 30 నుంచి 40 శాతం దాకా బూడిదే. అందులోని సిలికా, అల్యూమినాలు సున్నం, నీటితో కలిస్తే సిమెంటులా గట్టిపడతాయి. సీసం, కాడ్మియం వంటి లోహాలున్న మడ్డిని ఆ మిశ్రమంలో కలిపితే, అవి నీటిలో సులువుగా కరగని రూపంలోకి మారి ముద్దలో చిక్కుకుంటాయి. సిమెంటు ఖర్చూ తగ్గుతుంది.

కాని లోహం మాయం కాదు, బందీ అవుతుంది అంతే. సున్నం మోతాదు మించితే సీసం, జింకు మళ్లీ కరుగుతాయి. హెక్సావలెంట్ క్రోమియాన్ని ముందుగా క్షయకరణం చేయాలి. మందుల కంపెనీల ద్రావణులకు ఈ వైద్యం పనికిరాదు. పైగా బూడిదలోనే ఆర్సెనిక్, పాదరసం స్వల్పంగా ఉంటాయి. అందుకే లోహాలు ఊరి బయటికి రావడంలేదని పరీక్షించాకే ఆ ముద్దను, అడుగున రక్షణ పొరలు పరచిన గోతిలో పూడ్చాలి.

థర్మల్ కేంద్రాలు బూడిదను నూటికి నూరు శాతం వినియోగించాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. మంచిదే. శుభ్రమైన బూడిదతో ఇటుకలు చేయడానికి మేము వ్యతిరేకం కాదు. విషవ్యర్థం కలిసిన బూడిద మాత్రం ఇటుకగానో, రోడ్డు కింద మట్టిగానో ఊళ్లోకి రాకూడదు. ఆ ఇటుకలు మోసేది, ఆ రోడ్డు పక్కన గుడిసె వేసుకునేది మన అమ్మానాన్నలే.

కాబట్టి పరీక్షల ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడమీద అంటించాలి. చుట్టుపక్కల బావుల నీటిని ఏటా పరీక్షించాలి. కూలీలకు మాస్కులు, గ్లౌజులు, వైద్యపరీక్షలు ఇవ్వాలి. సైన్సు చదివే తమ్ముళ్లూ, ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థి అన్నలూ ఆ కాగితాలు చదివి ఊళ్లో వివరించాలి. మనం నేర్చిన కెమిస్ట్రీ పరీక్ష పేపరుతోనే ఆగిపోకూడదని మా అభిప్రాయం.