ఎర్ర పైపు దండెం కాదు

ఈమధ్య ఏ అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి వెళ్లినా పైకప్పు కింద బారుగా పోయే ఎర్ర పైపులకి చీరలు, దుప్పట్లు, పిల్లల యూనిఫారాలు ఆరేసి కనబడుతున్నాయి. పండగొస్తే బంతిపూల దండలు, సీరియల్ బల్బులు సరేసరి. సీమంతమో, పుట్టినరోజో అయితే బెలూన్ల గుత్తులు. ఇదేమిటమ్మా అంటే, "అంతలావు ఇనప పైపు గుప్పెడు పూలకే ఒంగిపోతుందా?" అని నవ్వేస్తారు.

ఒంగిపోదు, నిజమే. కానీ ఆ పైపుకి అక్కడక్కడ ఉండే చిన్న లోహపు తలల్ని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఒక్కోదాని మధ్యలో చిటికెనవేలి కంటే సన్నటి గాజు బుడ్డి, అందులో సాధారణంగా ఎర్రటి ద్రవం ఉంటాయి. చుట్టూ వేడి పెరిగి ఆ ద్రవం 68 డిగ్రీలకి చేరితే ఉబ్బి గాజుని పగలగొడుతుంది. పైపులో ఒత్తిడితో ఉన్న నీళ్లు గొడుగులా విచ్చుకుని మంట మీద పడతాయి. సినిమాల్లో చూపించినట్టు అన్నీ ఒక్కసారి కురవవు. వేడి తగిలిన తలే తెరుచుకుంటుంది. అందుకే ప్రతి తలా ముఖ్యమే.

దానికి దండ చుట్టామనుకోండి, వేడి గాజుకి ఆలస్యంగా తగులుతుంది. పక్కనే దుప్పటి వేలాడుతుంటే నీళ్లు దాన్ని తడిపి కారిపోతాయి, అవతల స్కూటర్ దగ్గర మంట మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఇక హ్యాంగర్ కొక్కెం తగిలి గాజు పగిలిందా, వాల్వు కట్టేదాకా నిమిషానికి నాలుగైదు బిందెల నీళ్లు. హోటల్ గదిలో పెళ్లిపట్టుచీర తగిలించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది! అమెరికా అగ్నిరక్షణ ప్రమాణాలైతే ఈ పైపులకి ఏదీ వేలాడదీయకూడదనీ, మామూలు తలల కింద 18 అంగుళాలైనా ఖాళీ ఉంచాలనీ చెబుతాయి.

సెల్లారే కదా అనుకోవద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ మెట్ల మీదుగా పైఅంతస్తులకి పాకి ఎనిమిదిమంది చనిపోయారు. ఇప్పుడు మన సెల్లార్లలోనూ ఆ స్కూటర్లే రాత్రంతా చార్జింగ్‌లో ఉంటున్నాయి.

అయితే తప్పంతా బట్టలారేసే ఇల్లాలిదే అంటే నేనొప్పుకోను. బాల్కనీలో ఆరేస్తే బిల్డింగ్ అందం పోతుందని అసోసియేషన్ వారే వద్దంటారు. టెర్రస్‌కి తాళం వేస్తారు. వానాకాలం నలుగురున్న ఇంట్లో తడిబట్టలు ఎక్కడ ఆరాలి? "పైపులకు బట్టలు వేయరాదు" అని బోర్డు రాయించడం తేలికే. రాయించినవాళ్లు ఎన్నడైనా బకెట్టెడు బట్టలు పిండి ఆరేశారా అని నా అనుమానం. బోర్డుతోపాటు టెర్రస్ మీద నాలుగు తీగలు, ఓ రేకుల పందిరి వేయించమనండి. పండగ దండలకి గోడలకి కొక్కేలు కొట్టించమనండి. వచ్చే మీటింగుకి మీవారిని పంపి ఊరుకోకుండా మీరే వెళ్లండి. ఆ టెర్రస్ తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు అడగండి.