స్త్రీల సీట్లు

బస్సు ఎక్కగానే ముందువైపు 'స్త్రీలు' అన్న రాత ఒకటి కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ రాత కిందనే పెద్దమనుషులు దర్జాగా కూర్చుని, పిల్లను చంకనేసుకుని ఎవరైనా ఎక్కితే కిటికీలోంచి ప్రకృతి సౌందర్యం తిలకించేవారు. కండక్టరు రెండుసార్లు కసిరితేగాని లేచేవారు కారు. ఇప్పుడు ఆ తగాదాయే లేదు. ఇంచుమించు బస్సంతా స్త్రీల సీట్లే!

1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన నాటినుంచీ బస్సెక్కే జనం మారుతూనే ఉన్నారు. ముందుగా దిగిపోయినవారు కాస్త డబ్బున్న మగవారు, స్కూటర్లు కొనుక్కున్నారు. వాయిదాల మీద మోటారుసైకిళ్లు దొరికేసరికి గుమాస్తాలూ, మేస్త్రీలూ దిగారు. 2017లో హైదరాబాదుకు మెట్రో రైలు వచ్చాక ఆఫీసులవారు కొందరు అటు మళ్లారు. ఇక మిగిలిందెవరయ్యా అంటే పాసులున్న విద్యార్థులు, ముసలివారు, ఆడవాళ్లు. ఇంటికి ఒకటే బండి ఉంటే దాని తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంతలో 2023 డిసెంబరు 9న తెలంగాణలోనూ, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆడవారికి ఛార్జీ ఎత్తివేశారు. అన్ని బస్సుల్లో కాదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ వంటి వాటిలో. కార్డు చూపిస్తే కండక్టరు సున్నా అచ్చయిన టిక్కెట్టు చేతిలో పెడతాడు.

'పనీపాటా లేక తిరుగుతున్నారు' అని అరుగుల మీద వ్యాఖ్యానాలు బయలుదేరాయి. మగవాడు టీ తాగడానికి బండి మీద ఊరవతలికి పోయి వస్తే మాత్రం అది తిరుగుడు కాదు కాబోలు! నాకు తోచేదేమంటే, వీటిలో చాలా ప్రయాణాలు కొత్తగా పుట్టినవి కావు. ఛార్జీకి జడిసి మానుకున్న ఆస్పత్రి, పండక్కి చూద్దాంలే అనుకున్న పుట్టిల్లు, దూరమని వదులుకున్న కూలిపని... ఇవేవీ ఏ డిపో లెక్కల్లోకీ రాలేదు. ఎక్కని మనిషికి టిక్కెట్టు ఉండదు గదా!

డబ్బిచ్చి నిలబడే మగవాడి గోడు న్యాయమైనదే. బేరం పోయిన ఆటోవాడిదీ అంతే. కాని మగవాడి గోడుకు మందు మరికొన్ని బస్సులేగాని, అమ్మలక్కల్ని దించెయ్యడం కాదు. జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. కిక్కిరిసిన బస్సు స్టాపులో ఆగకుండా పోతే, ఎండలో చెయ్యెత్తి నిలబడ్డ ముసలమ్మ కాసేపు చూసి, కొంగుముడి విప్పి, ఆటోకు డబ్బులు లెక్కపెట్టుకుంటోంది.